జీతమెంతని అడిగే పీపీ మేడం

ఎవరిని పరిచయం చేసినా ఆమె మొదట అడిగే ప్రశ్న ఒకటే. "జీతమెంత?"

ఊరేది, పెళ్ళయిందా, పిల్లలెంతమంది, ఇవేవీ అడిగేది కాదు. పుంగనూరు కోర్టుకు కొత్తగా వచ్చిన గుమాస్తాను అడిగింది. బస్సు కండక్టరును అడిగింది. ఒకసారి ఏదో బ్యాంకు తరఫున వచ్చిన పెద్ద లాయరును పదిమంది ముందు అడిగేసరికి ఆయన ముఖం ఎర్రబడింది. లాయర్ల గదిలో దాని గురించి నవ్వుకోని రోజు ఉండేది కాదు. "పీపీ మేడం వస్తాంది, జీతాల కాగితాలు తీసి పెట్టుకోండప్పా" అనేవాళ్ళు.

ఆమె పోయిందని పోయిన నెల మా లాయర్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. మరుసటి రోజు కేసుల జాబితాకూ ఎవరి పుట్టినరోజు శుభాకాంక్షలకో మధ్య రెండే వరుసలు. వాటి కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. కోర్టు వరండాలో నిలబడి చదివాను. నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. పదేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం మొత్తం కడుపులోకి వచ్చి కూర్చుంది.

పీపీ మేడం అని పిలవడమే గానీ ఆమె అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. మేజిస్ట్రేట్ కోర్టులో నేరాల కేసులు ప్రభుత్వం తరఫున నడిపే లాయరు. ఇల్లు మదనపల్లెలో, కోర్టు పుంగనూరులో. నేను అప్పటికి మదనపల్లెలో ఒక సీనియర్ దగ్గర పది నెలల జూనియర్‌ని. మాది నీరుగట్టువారిపల్లెలో మగ్గం నేసే ఇల్లు. సీనియర్‌గారు నెలకు మూడు వేలు చేతిలో పెట్టి "బస్సు చార్జీలకు ఉంచుకోమ్మా" అనేవారు. ఆయనకు పుంగనూరులో నాలుగైదు కేసులుండేవి. వాయిదాలకు నన్ను పంపేవారు. అలా ఆమెతో పొద్దున బస్సు కలిసింది.

ఆమెకు డ్రైవరు వెనక సీటే కావాలి. అందులో ఎవరైనా కూర్చుని ఉంటే ఆ బస్సు వదిలేసేది. నేనూ ఆమెతో పాటు దిగి ఇంకో బస్సు కోసం నిలబడేదాన్ని. అంత భయస్తురాలిని నేను మళ్ళీ చూడలేదు. కుక్కలంటే భయం. మెట్లంటే భయం. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే మోగి మోగి ఆగేదాకా దాన్ని చూస్తూ కూర్చుని, తర్వాత నా ఫోనుతో ఆ నంబరుకు చేయించి ఎవరో కనుక్కునేది. ఇంటికి తాళం వేసి సందు చివరిదాకా వచ్చి, వెనక్కి పోయి తాళం లాగి చూసేది. బస్సులో ఎవరైనా రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తే "దిగుదాం పా" అని నా మోచెయ్యి పట్టుకునేది.

అలాంటి మనిషి కోర్టులో లేచి నిలబడితే మాత్రం ఎదుటి లాయర్లు జాగ్రత్తపడేవాళ్ళు. ఆమె చేతిలో ఎప్పుడూ కాగితం ఉండేది కాదు. ఏ సాక్షి ఏ తేదీన పోలీసులకు ఏం చెప్పాడో, ఏ పేజీలో ఉందో, చేతులు వెనక్కి కట్టుకుని గడగడా చెప్పేది. "ఏం జ్ఞాపకశక్తి తల్లీ" అని అందరూ ముక్కున వేలేసుకునేవాళ్ళు.

ఒకరోజు ఆడవాళ్ళ గదిలో ఆమె చేతులు కడుక్కుంటుంటే సబ్బు రెండుసార్లు జారి కింద పడింది. తీసిచ్చాను. అప్పుడు చూశాను ఆ వేళ్ళు.

"కాగితం పట్టుకుంటే ఆకు మాదిరి ఆడతాది పాపా," అంది. "అవతలోడు అది సూసినాడంటే నన్ను నమిలి మింగేస్తాడు. అందుకే అంతా బట్టీ కొట్టుకోని పోతా. జ్ఞాపకం లేదు, గీపకం లేదు. ఎవురికీ చెప్పొద్దు."

నేను చెప్పలేదు.

చదువు అయిపోయిన ప్రతి లాయరు పిల్లకూ ఉండే సందేహమే నాకూ ఉండేది. గవర్నమెంటు పరీక్ష రాయాలా, ఏదైనా కంపెనీలో లా ఆఫీసరుగా చేరాలా, బెంగళూరులో పెద్ద లా ఫర్ముకు పోవాలా. ఆమె మూడూ చేసిన మనిషి. ఒక పొద్దున బస్సులో అడిగాను, మూడింటిలో ఎక్కడ జీతం బాగుంటుందని.

ఆమెకు అంతకన్నా ఇష్టమైన ప్రశ్న లేదు. కాళ్ళ మధ్య పెట్టుకున్న సంచిని ఒళ్ళోకి తీసుకుంది.

"ఫర్ములో ఒక నెలకు వచ్చిండేది, ఈడ మొదట్లో మూడు నెల్లకు గానీ రాలేదు. అంత తేడా. కానీ ఆడ ఆరు నిమిషాలకొకసారి ఏం చేసినావో రాయాల. ఆ పని ఎవురి కేసు కింద పడతాదో రాయాల. నీళ్ళు తాగనీకి లేసినా గడియారం సూసుకునేదాన్ని. మూడేండ్లు చేసినా. ఒకరోజు మా అమ్మ ఫోన్ చేసి ఏడస్తాంటే, నేను గడియారం సూస్తాండా. ఆ పొద్దే అనుకున్నా, ఇంగ చాలని."

"కంపెనీలో?"

"కంపెనీ సుఖం. ఫర్ము కన్నా ఒకింత తక్కువ, గవర్నమెంటు కన్నా చానా ఎక్కువ. ఇల్లిచ్చినారు, కారిచ్చినారు, ఆదివారం నాదే. కానీ అందరు లాయర్లకూ వంద మంది కక్షిదార్లుంటే నాకు ఒకడే. ఆయప్ప ఎండను వాన అని రాయమంటే రాయాల. రాయనంటే యాడికి పోతావు? ఇల్లూ ఆయప్పదే, కారూ ఆయప్పదే."

"మరి ఇక్కడ?"

"ఈడ తక్కువ. ఫస్టు తారీఖు పడతాది. యాల పడిందని ఎవురూ అడగరు." సంచిని మళ్ళీ కాళ్ళ మధ్యకు దించి, "జీతమెంతని అడిగినప్పుడే, దేనికి భయపడల్లో కూడా అడుగు పాపా. రెండూ కలిపే ఇస్తారు," అంది.

ఆ సంవత్సరం ఆమె చేతిలో ఒక క్వారీ కేసు ఉండేది. పుంగనూరు దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో, రాయి పేల్చేముందు ఎర్ర జెండా కట్టకుండా, హెచ్చరిక కూత వేయకుండా పేల్చారు. పని చేసుకుంటున్న మనిషి ఒకడు చచ్చిపోయాడు. పేల్చమన్నది క్వారీ యజమాని మేనల్లుడు. నిర్లక్ష్యంతో ప్రాణం తీశాడని అతని మీద కేసు. చూసినవాళ్ళు ఇద్దరే. ఒకడు రాళ్ళకు రంధ్రాలు వేసే పనివాడు. అతను వాయిదా రోజు కాలికి కట్టుతో, ఇద్దరు పట్టుకుంటే కోర్టుకు వచ్చాడు. కాలెలా విరిగిందో చెప్పలేదు. బోనులో నిలబడి "నేనేమీ సూళ్ళేదు సామీ" అన్నాడు. అతన్ని మేడం ప్రశ్నలు అడుగుతున్నంతసేపూ వెనక బెంచీలో కూర్చున్న నలుగురు క్వారీ మనుషులు నవ్వుతూనే ఉన్నారు.

ఇక మిగిలింది క్వారీలో వంట చేసే గంగులమ్మ. మొదటి సాక్షి కాలు చూసిన రోజే ఆమె ఊరు వదిలి రామసముద్రం పక్కనున్న ఒక పల్లెలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. పుంగనూరు బస్టాండులో బోర్డు చదవలేక తిరుగుతుంటే ఆమెను బస్సు ఎక్కించింది నేనే. అలా ఆమె ఉండే చోటు కోర్టు కాగితాలు మోసే కానిస్టేబులుకూ, మేడానికీ, నాకూ తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు కుప్పం నుంచి ఉత్తరం వచ్చింది. పేపర్లో ప్రకటన చూసి రెండు నెలల ముందు పెట్టిన దరఖాస్తు అది. గ్రానైట్ ఎగుమతి చేసే కంపెనీలో లా ఆఫీసరు. నెలకు నలభై ఐదు వేలు. మా నాన్న ఆ కాగితాన్ని మగ్గం మీద పెట్టి రెండుసార్లు చదివించుకున్నాడు. మరునాడు బస్సులో మేడానికి చూపించాను.

ఆమె కంపెనీ పేరు చూడలేదు. అంకె చూసింది.

"ఇది నాలుగైదేండ్లు చేసినోళ్ళకిచ్చే జీతం. పది నెల్ల పిల్లకు యాల ఇస్తాండారు?"

"ఇంటర్వ్యూ కూడా లేదు మేడం. నేరుగా రమ్మన్నారు."

"అదే అడుగుతాండా. యాల?"

నాకు కోపం వచ్చింది. ఆమెకు ఈ వయసులో వచ్చే జీతానికి దగ్గరగా నాకు మొదట్లోనే వస్తోందని అసూయ అనుకున్నాను. ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకున్నాను. దిగేటప్పుడు ఆమె, "పోయి రా. సంతకం పెట్టేముందు కనుక్కో," అంది.

కుప్పంలో ఆ ఆఫీసు నేలంతా నున్నటి నల్లరాయి. నా చెప్పుల ముద్రలు దాని మీద కనబడుతుంటే సిగ్గేసింది. ఏసీ చలికి చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చున్నాను. మేనేజరు యాభై ఏళ్ళ మనిషి, మాటలో కొంచెం అరవ యాస, నుదుట విభూతి. నా చదువు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. నియామకపు కాగితం టైపు చేసి, బల్ల మీద నా వైపు తిప్పి పెట్టి ఉంది.

"కాఫీ తాగండమ్మా," అన్నాడు. "మీరు పుంగనూరు కోర్టుకు కూడా పోతారంట కదా."

"అప్పుడప్పుడు సార్."

"ఆ క్వారీ కేసు మీకు తెల్సుంటాది. మా అయ్యగారి మేనల్లుడు, పాపం చిన్నవాడు. ఆ క్వారీ వేరే పేరు మీద ఉండాది గానీ అదీ మాదే." కప్పు నా దగ్గరికి జరిపాడు. "ఆడ వంట చేస్తాండిన ఆయమ్మతో మేం ఒకసారి మాట్లాడుకోవాల. సామరస్యంగా. ఆయమ్మకూ మంచిదే. ఇప్పుడు యాడుండాదో మీకు తెల్సునా?"

అప్పుడు అర్థమైంది నాకు, అంత జీతం ఎందుకిస్తున్నారని మేడం అడిగిన 'యాల' అనే ప్రశ్నకు జవాబు. అర్థమైన తర్వాతే చెప్పాను. ఆ సంగతిని నేను ఎప్పుడూ మార్చి చెప్పుకోలేకపోయాను. అమాయకంగా నోరు జారలేదు. కాగితం మీద నా పేరు ఉంది, కింద అంకె ఉంది, ఆయన మోచెయ్యి ఆ కాగితం అంచు మీద ఉంది. తెలియదంటే ఆ కాగితం వెనక్కి పోతుందని భయపడ్డాను.

"రామసముద్రం పక్కన, చెల్లెలింట్లో అనుకుంటాను సార్," అన్నాను.

ఆయన రాసుకోలేదు. ఆహా అనలేదు. పెన్ను మూత పెట్టి, ఫోను తీసుకుని, "తాగండమ్మా, చల్లారిపోతాది," అని బయటికి వెళ్ళాడు. గోడ గడియారంలో పదకొండు.

సంతకం పెట్టలేదు. బాత్రూమ్ ఎక్కడని అడిగి, అటు నుంచి అటే మెట్లు దిగి బస్టాండుకు వచ్చేశాను. బస్సు వి.కోట దాటేదాకా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మాట్లాడతామన్నారు, అంతే కదా. ఊరి పేరు చెప్పలేదు కదా. పలమనేరు వచ్చేసరికి కాలికి కట్టుతో వచ్చిన మనిషి కళ్ళ ముందు నిలబడ్డాడు. ఆ తర్వాత బస్సును దాటిపోయే ప్రతి జీపునూ లేచి చూశాను. గంగులమ్మకు ఫోను లేదు. ఆమె చెల్లెలి నంబరు నా దగ్గర లేదు. మేడానికి ఫోన్ చేసి చెప్పే ధైర్యం అంతకన్నా లేదు.

పుంగనూరులో దిగేటప్పటికి రెండున్నర. మేడం కోర్టు హాలు పక్కనున్న చిన్న గదిలో పెరుగన్నం తింటోంది. తలుపు దగ్గరే నిలబడి అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది.

"ఊరి పేరు చెప్పినావా?"

"లేదు మేడం."

"చెల్లెలి పేరు?"

"లేదు."

"ఎన్ని గంటలకు?"

"పదకొండుకు."

ఆమె గిన్నెకు మూత పెట్టింది. గంగులమ్మ చెల్లెలి నంబరు వెతికి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. పోలీసు స్టేషనుకు చేసింది. మనుషులంతా బందోబస్తుకు పోయారనీ, సాయంత్రానికల్లా ఒకరిని ఆ పల్లెకు పంపుతామనీ చెప్పారు. ఫోను బల్ల మీద పెట్టి లేచి బయటికి పోయింది. కుళాయి దగ్గర తిన్నదంతా కక్కుకుంది. ముఖం కడుక్కుని, పైట చెంగుతో తుడుచుకుని వచ్చి, "బాషాను పిలువు," అంది.

బాషా భాయ్ రోజూ ఆమెను బస్టాండు నుంచి కోర్టుకు తెచ్చే ఆటో ఆయన. ఆమె ముఖం చూసి, "క్యా హువా మేడం, పానం బాగలేదా?" అన్నాడు.

"బాగనే ఉండాది. రామసముద్రం పక్కకు పోవాల. బిన్నా పోవాల, నిదానం పనికిరాదు."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు, ఊరుకోబెట్టలేదు. ఆటోలో రెండు చేతులతో ముందున్న కడ్డీని పట్టుకుని కూర్చుంది. రోడ్డుకు ఒక పక్క రాతి గుట్టలు, ఒక పక్క కర్రలు పాతిన టమాటా తోటలు. ఎదురుగా ఏ బండి వచ్చినా ఆమె ఒళ్ళు బిగుసుకునేది. నాలుగైదు మైళ్ళు పోయాక నా వైపు తిరిగింది.

"నాకు చానా భయంగా ఉండాది పాపా. ఏమన్నా మాట్లాడు."

"ఏం మాట్లాడాలి మేడం?"

"ఏదైనా. మీ నాయనకు ఒక చీర నేసేకి ఎన్ని దినాలు పడతాది?"

చెప్పాను. పోగులు ఎలా అతుకుతారో, అంచుకు ఎన్ని దారాలో, వానాకాలం మగ్గం గుంతలో నీళ్ళు ఊరితే ఏం చేస్తారో. ఏడుస్తూనే చెప్పాను. ఆమె "ఊఁ", "ఊఁ" అంటూ, నేను ఆగితే "మళ్ళా?" అని అడుగుతూ ఆ పల్లెదాకా వచ్చింది.

పాలు పోసే కేంద్రం దగ్గర ఆటో ఆపించింది. "నువ్వు దిగొద్దు. ఆ కంపెనీ వాళ్ళు నీ మొహం సూసిండారు. చున్నీ కప్పుకోని గమ్మున పండుకో," అని దిగింది. సందు మొదట్లో రెండు కుక్కలు లేచి మొరిగాయి. ఆమె అక్కడే నిలబడిపోయింది. ఇక వెనక్కి వస్తుందనుకున్నాను. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, గోడకు ఒళ్ళు ఆనించుకుని, వాటి పక్క నుంచే లోపలికి పోయింది.

పది నిమిషాలు గడిచాయి. రోడ్డు మీద తెల్ల జీపు ఒకటి వచ్చి మా పక్కనే ఆగింది. చున్నీ సందులోంచి టైర్లు మాత్రమే కనబడుతున్నాయి.

"ఏమప్పా, క్వారీలో వంట చేసే గంగులమ్మని, ఆయమ్మ చెల్లెలిల్లు ఈ ఊర్లోనేనా?" అని ఒక గొంతు.

"నాకేం తెలుసన్నా, నాది పుంగనూరు," అన్నాడు బాషా భాయ్. "టీచరమ్మను దించేకి వచ్చినా."

"లోపల ఎవురు?"

"ఆయమ్మ కూతురు. జ్వరం. సెగ సూడు, పట్టుకుంటే కాల్తాది."

చెప్పుల చప్పుడు ఒకటి ఆటో దగ్గరిదాకా వచ్చింది. ఆ చప్పుడు కాసేపు అక్కడే ఉండి వెనక్కి పోయింది. పాల కేంద్రం మూసి ఉంది. ఇంకా తగ్గని ఎండలో వీధిలో ఇంకో మనిషి లేడు. "పక్క ఊర్లో అడుగుదాం పా" అన్న మాట వినబడింది. జీపు వెళ్ళిపోయింది. బాషా భాయ్ ముందు సీట్లో కూర్చుని చాలాసేపు ఏదో ప్రార్థన చదువుకున్నాడు.

మేడం వచ్చినప్పుడు గంగులమ్మ ఆమె వెంట ఉంది. చేతిలో బట్టల మూట, ముఖం ఏడ్చి ఉబ్బిపోయి ఉంది. ఆటోలో మేడానికి అటు పక్క కూర్చుంది. నేను పలకరించాను. నా వైపు చూడలేదు. పుంగనూరు వచ్చేదాకా ఒక్కసారి కూడా చూడలేదు. మేడం ఆమెకు అంతా చెప్పేసిందని నాకు అర్థమైంది. నేను చేసిన పనికి అది తక్కువే అనుకుని తల వంచుకుని కూర్చున్నాను.

సాక్షిని ప్రాసిక్యూటరు తన ఇంట్లో పెట్టుకుంటే ఉద్యోగం పోతుంది, కేసూ పోతుంది. అందుకని ఆమె తిన్నగా పుంగనూరు ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయి, "ఈమెకు బీపీ ఉన్నట్టుంది, చూడండి" అంది డాక్టరమ్మతో. చూస్తే నిజంగానే విపరీతంగా ఉంది. ఆడవాళ్ళ వార్డులో, బాలింతలూ వాళ్ళ అమ్మలూ అత్తలూ కూర్చున్నచోట మధ్య మంచం ఇచ్చారు. "ఇంత మంది ఆడోళ్ళను దాటుకోని ఎవురొస్తారు?" అంది మేడం. తర్వాత స్టేషనుకు పోయి కాగితం రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకుంది. మర్నాడు సాక్షికి ప్రమాదముందని జడ్జిగారికి అర్జీ పెట్టింది. ఆ మర్నాడే గంగులమ్మ బోనెక్కింది.

ఎర్ర జెండా కట్టలేదంది. కూత వేయలేదంది. పేల్చమన్నది ఎవరో చెయ్యి చాపి చూపించింది. ముద్దాయి లాయరు లేచి గట్టిగా అడిగాడు, "ఇదంతా పీపీ గారు నీకు నేర్పించి తెచ్చారు కదా?"

గంగులమ్మ మేడం వైపు చూసింది. "ఆయమ్మ నాకంటే ఎక్కువ వణకతాండాది సామీ. నాకేం నేర్పిస్తాది?"

హాల్లో అందరూ నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని మేడం వైపు కాసేపు చూసి, "రాసుకోండి," అన్నారు టైపిస్టుతో.

మేనల్లుడికి శిక్ష పడింది. పై కోర్టులో దాన్ని తగ్గించారు గానీ నేరం చేయలేదని అనలేదు. మేడం మీద మాత్రం ఎవరో అర్జీ పెట్టారు, సాక్షిని ఆటోలో తిప్పిందని. సంజాయిషీ అడిగారు. విచారణ తేలేదాకా ఆమెకు రావలసిన ఇంక్రిమెంటు ఆగింది. ఆ నెలల్లో ఆమె బస్సులు ఇంకా ఎక్కువ వదిలేసేది. ఇంటి తాళాన్ని ఒకసారి కాక మూడుసార్లు లాగి చూసేది. నాతో ఆ మధ్యాహ్నం గురించి ఒక్క మాట ఎత్తలేదు. నేనెత్తబోతే, "పరీక్షకు చదవతాండావా?" అని మాట మార్చేది. తర్వాత బదిలీ అయింది. నేను రెండోసారికి పరీక్ష పాసై ఆమె చేసిన ఉద్యోగంలోనే చేరాను. ఫోన్ చేసి చెబితే, "మంచిది. భయంగా ఉండాదా?" అని అడిగింది. ఉందన్నాను. "ఉండనీలే," అంది.

ఆమె పోయిన సంగతి చెప్పాల్సిన మనిషి ఒకరు మిగిలారు. పదేళ్ళుగా నేను తప్పించుకుని తిరుగుతున్న మనిషి. గంగులమ్మ పుంగనూరులో ఒక ప్రైవేటు హాస్టల్లో వంట చేస్తోందని నాకు తెలుసు. ఆ వీధిలోంచి పోవాల్సి వస్తే వేరే వీధి తిరిగి పోయేదాన్ని. ఆమె నా ముఖం మీద అడుగుతుందని భయం, అడగకుండా తల తిప్పుకుంటుందని అంతకన్నా భయం.

పోయిన ఆదివారం వెళ్ళాను. హాస్టలు వెనక వరండాలో తెల్లగడ్డలు వలుస్తూ కూర్చుని ఉంది. జుట్టంతా నెరిసింది. గుర్తుపట్టి, "రామ్మా" అంది. మేడం సంగతి చెప్పాను. చేట పక్కన పెట్టింది.

"ఆ పొద్దు మా చెల్లెలింట్లో నా చేతులు పట్టుకోని ఏడ్సిందమ్మా ఆయమ్మ," అంది. "'నా నోట్లోనుంచే జారింది గంగులమ్మా, నువ్వుండే తావు నేనే ఒకరికాడ చెప్పేసినా, వాళ్ళు వస్తాండారు, నన్ను తిట్టు గానీ బయలుదేరు' అనింది. నేను తిట్టినా. నోటికి ఏదొస్తే అది తిట్టినా. గవర్నమెంటు జీతం తింటా మా ప్రాణాలు అమ్ముకుంటాండావా అన్నా. మాట్లాడకుండా నిలబడుకోనింది. ఆటోలో నీ మొహం సూసేకి నాకు సిగ్గేసింది. పెద్ద మనిషిని అన్ని మాటలన్నానే, ఈ పాప ఇనిందేమో అని."

అక్కడ నుంచి లేచి వచ్చేయవచ్చు. ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఎక్కువ భయం వేసింది.

"గంగులమ్మా," అన్నాను. "చెప్పింది ఆమె కాదు. నేను. ఉద్యోగం ఇస్తామంటే చెప్పాను."

ఆమె నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకోలేదు.

"మరి తిట్టించుకునిందే," అంది.

"తిట్టించుకుంది."

"అయితే ఆ తిట్లు నీవి."

"నావే. ఇప్పుడు తిట్టు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆ పొద్దుండిన కోపం ఇప్పుడు యాడ తెచ్చేదమ్మా." చేటను ఇద్దరి మధ్యకు జరిపింది. "కూర్చో. ఇవి వలువు. పిల్లోళ్ళు వచ్చే యాళయింది."

కూర్చున్నాను. ఇద్దరం వలుస్తూ పోయాం. చేటలో గడ్డలు అయిపోవస్తుండగా ఆమె, నాతో కాదు, తనలో తాను అన్నట్టుగా అంది.

"పాపం, ఆయమ్మను ఎన్నెన్ని మాటలంటినో."